పెరటి విదేశం

నూకరత్నం ఆ రోజు మైకు ముందు నోరు మూసుకుని ఉంటే మూడు జిల్లాల జనం హాయిగా ఉండేవాళ్ళు. కానీ ఆ పిల్లకి నిజం చెప్పే జబ్బు ఉంది. ఇంట్లో ఉంటే అది దానంతట అదే సర్దుకుంటుంది కానీ, విశ్వవిద్యాలయాల గాలి తగిలితే మాత్రం ముదిరిపోతుంది.

రంగస్థల కళల విశ్వవిద్యాలయంలో ఆ రోజు విద్యాసంవత్సర ప్రారంభోత్సవం. రత్నం అక్కడే చదువుకుని, ఆ తర్వాత పోలండ్ వెళ్ళి నాటకం చదివి తిరిగొచ్చిన పిల్ల. కాబట్టి వేదిక మీద కూర్చోబెట్టి, ఉక్కపోతలో ఉన్ని శాలువా కప్పి, "రెండు ముక్కలు మాట్లాడమ్మా" అన్నారు ఉపకులపతి ఆచార్య చక్రధరరావుగారు. ఆయన లెక్కలో రెండు ముక్కలంటే విశ్వవిద్యాలయాన్ని పొగుడుతూ ఒక ముక్క, ఉపకులపతిని పొగుడుతూ ఒక ముక్క. రత్నానికి ఆ లెక్క తెలియదు. ఒక్క ముక్కే మాట్లాడింది.

"అక్కడికి వెళ్ళాక కానీ నాకు మా మావయ్య ఆడే భాగవతం కనిపించలేదండి."

అని కూర్చుంది. సభ చప్పట్లు కొట్టింది. ఉపకులపతిగారు మాత్రం చప్పట్లు కొట్టకుండా శూన్యంలోకి చూశారు. పక్కనున్న రిజిస్ట్రారు పరాంకుశంగారు ఆ చూపు గుర్తుపట్టి కలం టోపీ తీశారు. అయ్యవారికి పథకం తడుతున్నప్పుడు కళ్ళు అలాగే అవుతాయి.

రత్నం అన్న మాటలో అబద్ధం లేదు. ఆమె మేనమామ అప్పలస్వామి గొర్లిపేట తూర్పు భాగవతం మేళానికి పెద్ద. సత్యభామ వేషం ఆయనది. మీసం తీసేసి, జడ కట్టుకుని నిలబడ్డాడంటే గొర్లిపేట ఆడవాళ్ళు ఆయన్ని చూసి నడక దిద్దుకునేవారు. చిన్నప్పుడు రత్నం ఆ మద్దెల మోతలోనే అమ్మ ఒళ్ళో పడి నిద్రపోయేది. కాలేజీలో చేరాక దాని సంగతే మరిచిపోయింది. అక్కడ నాటకమంటే స్టేజీ మధ్య ఒక సోఫా, పక్కన ఒక టెలిఫోనూ ఉండి తీరాలి. మావయ్య భాగవతంలో ఆ రెండూ లేవు కాబట్టి అది నాటకం కాదని ఆమె అనుకుంది. ఎవరూ కాదనలేదు.

పోలండ్‌లో చదువు చెప్పిన ముసలావిడ నెత్తిన ఊలు టోపీతో తిరిగే మనిషి. ఒకరోజు క్లాసులో రత్నాన్ని అడిగింది. "మీ ఊళ్ళో ఏమాడతారు?"

"ఏమీ ఆడరండి" అంది రత్నం.

ఆవిడ నమ్మలేదు. అలాగని వాదించనూ లేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, జవాబు కోసం ఊరికే చూస్తూ ఉండిపోయింది. అలా ఎవరైనా చూస్తూ కూర్చుంటే ఎంతసేపని బిగబట్టుకుంటాం? రత్నం లేచి, అందరి మెడల్లోని మఫ్లర్లన్నీ పోగేసి పొడుగాటి జడ అల్లింది. ఇద్దరు తోటి విద్యార్థుల చేత దుప్పటి పట్టించి, దాని వెనక నిలబడి, ఆ జడని దుప్పటి మీదుగా ఇవతలికి వేసింది.

సత్యభామ అలా తెర మీదుగా జడ వేసిందంటే అది సభకి సవాలు. ఆటలో, పాటలో, మాటలో నన్ను గెలవగలవాళ్ళు ఉంటే వచ్చి ఈ జడ పట్టుకోండి అని. గొర్లిపేట మేళంలో దానికి షరతు కూడా ఉంది. పట్టుకున్నవాడు గెలిస్తే జడ కోసి చేతికిచ్చేయాలి, భామ మళ్ళీ జన్మలో ఆ వేషం కట్టకూడదు. ఓడితే, ఆట ముగిసేదాకా వాడు తెర పట్టుకు నిలబడాలి.

ఇవేవీ తెలియని ఒక పొడుగుపాటి పోలండ్ కుర్రాడు వచ్చి ముచ్చటగా జడ పట్టుకున్నాడు. అంతే, సొంత జుట్టు పట్టి లాగినట్టు రత్నానికి ఒళ్ళు మండిపోయింది. తెర వెనక నుంచి అచ్చ తెలుగులో వాణ్ణి చెడామడా కడిగి, పాడి, తాళం కొట్టి ఓడించింది. వాడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా దుప్పటి పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే గొర్లిపేటకి ఫోను చేసింది.

"మావయ్యా, నాకు భామేషం నేర్పుతావా?"

"అక్కడ సలి ఎక్కువగా ఉన్నాదేటే నీకు?" అన్నాడు అప్పలస్వామి అనుమానంగా.

కానీ నేర్పాడు. పిల్ల తిరిగొచ్చిన నాటి నుంచీ అడుగు అడుగూ దిద్దాడు. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి, భామ ఒయ్యారం ఇక సాగదు. రాబోయే గ్రామదేవత పైడమ్మ పండగకి జడ తన చేత్తో రత్నానికి కట్టి, తను కిందకూర్చుని చూస్తానని ఊరి పెద్దల ముందు మాటిచ్చాడు. ఆ పండగ కోసం రత్నం రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆమెకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు, ఆ జడ తప్ప.

సరిగ్గా అప్పుడే ఆమె ఒక్క ముక్కని అధ్యయనం చేయడానికి విశ్వవిద్యాలయం ఒక సంఘాన్ని నియమించింది. సంఘం ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి ఇలా తేల్చింది: "సదరు విద్యార్థినికి విదేశ గమనమునకు పూర్వము స్వసంస్కృతి గోచరించలేదనియు, తదనంతరము గోచరించినదనియు ఆమె వాఙ్మూలము. కావున స్వసంస్కృతి గోచరించుటకు విదేశ నివాసమే ఏకైక కారణమని నిర్ధారించడమైనది. స్వదేశమున నివసించువారికి స్వసంస్కృతి గోచరించు అవకాశము లేదు."

మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలావిడ సంగతి నివేదికలో రాలేదు. సంఘం వాళ్ళు ఆమెని అడగలేదు, రత్నాన్నీ అడగలేదు. వాఙ్మూలం చేతిలో ఉండగా మనిషితో పనేముంది?

"అందరు విద్యార్థులనూ విదేశం పంపే స్తోమత మనకు లేదు. మనం విదేశానికి వెళ్ళలేని పరిస్థితుల్లో విదేశమే మన వద్దకు రావలసి ఉంటుంది" అన్నారు ఉపకులపతిగారు.

"వెనక గేటు దగ్గర పాత పశువుల ఆసుపత్రి ఖాళీగా ఉంది సార్" అన్నారు పరాంకుశంగారు.

దానికి సున్నం వేయించి, విదేశం అని బోర్డు పెట్టారు. ముందు గేటు నుంచి అక్కడికి నడిచి వెళితే చెప్పుల దుమ్ము కూడా రేగదు. కానీ నడిచి వెళ్ళే విదేశానికి గౌరవం ఏముంటుంది? కాబట్టి విద్యార్థుల్ని ముందు గేటు దగ్గర బస్సెక్కించి, బైపాసు మీదుగా పక్క ఊరు తీసుకెళ్ళి, ఘాటీ ఎక్కించి దింపి, ఒళ్ళు హూనమయ్యాక వెనక గేటు దగ్గర దింపేవారు. లైబ్రరీ అసిస్టెంటు సీతామాలక్ష్మిగారు నీలం చీర కట్టుకుని దారిపొడుగునా పిప్పరమెంట్లు పంచేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ కోటు తొడుక్కుని, వచ్చినవాళ్ళని తల నుంచి కాళ్ళ దాకా అనుమానంగా చూసి ముద్ర వేసేవాడు. అనుమానంగా చూడడం అతనికి ముందునుంచీ అలవాటే కాబట్టి శిక్షణ అక్కర్లేకపోయింది.

చలి కోసం చేపల రేవు నుంచి ఐసు దిమ్మలు తెప్పించి ఫ్యాన్ల కింద పెట్టారు. అందుకని ఆ విదేశంలో చలీ చేపల వాసనా కలిసే వీచేవి. అక్కడ చింతపండు నిషేధం, కరివేపాకు నిషేధం, తెలుగు పేపరు నిషేధం. తిండి రొట్టె, ఉప్పులేని ఉడకబెట్టిన బంగాళాదుంప. ఒక పిల్ల దిండులో ఆవకాయ సీసా దాచి తెస్తే వాచ్‌మన్ స్వాధీనం చేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెప్పించుకుని ఆ స్వాధీనాన్ని పూర్తి చేశాడు.

విదేశమన్నాక విదేశీయులు ఉండాలి కదా. కళల విశ్వవిద్యాలయంలో కామర్సు లెక్చరర్లకి పని తక్కువగా ఉందని వాళ్ళని పరాయివారుగా నియమించారు. పూటకోసారి ప్రతి విద్యార్థి దగ్గరికీ వెళ్ళి, "మీ దేశంలో ఏమాడతారు?" అని అడగడం వాళ్ళ విధి. అడిగేసి పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. ప్రశ్నకి టైంటేబుల్లో చోటుంది, జవాబుకి లేదు.

చివర్లో బెంగ పరీక్ష. ఇంటి మీద బెంగ పుట్టనిదే సంస్కృతి మీద ప్రేమ పుట్టదని సంఘం ఇదివరకే తేల్చింది. గదిలో కూర్చోబెట్టి కాకి అరుపు, ఇడ్లీ బండి గంట, అమ్మ కేక వినిపించేవారు. పరీక్షకుడు భూతద్దంతో కళ్ళలోకి చూస్తూ ఉంటాడు. కన్ను చెమ్మగిల్లితే ఉత్తీర్ణత. బొట్టు రాలితే ప్రథమ శ్రేణి. ఒక కుర్రాడు జేబులో ఉల్లిపాయ ముక్కతో దొరికిపోతే కాపీ కింద బుక్ చేశారు. నెగ్గినవాళ్ళకి పరదృష్టి పట్టా ఇచ్చి, మళ్ళీ ఘాటీ ఎక్కించి దింపి, ముందు గేటు దగ్గర స్వదేశంలో వదిలేవారు. దిగగానే వాళ్ళు గేటు పక్క బడ్డీకొట్టులో మిరపకాయ బజ్జీలు చూసి గొల్లుమనేవారు. ఉపకులపతిగారు అది చూసి పొంగిపోయారు.

ఇక్కడితో ఆగితే బాగుండును. జిల్లా యంత్రాంగాలకి పథకం తెగ నచ్చేసింది. పరదృష్టి పట్టా లేనివారు స్వదేశీ వేదికలపై స్వదేశీ కళలు ప్రదర్శించరాదని మూడు జిల్లాల్లో ఉత్తర్వులు వచ్చాయి. తప్పెటగుళ్ళ వాళ్ళ గుండెల మీద తప్పెట్లు మూగబోయాయి. బుర్రకథ చెప్పే కథకుడు ఒకాయన తందాన అనబోయి ఇన్‌స్పెక్టరుని చూసి దగ్గినట్టు నటించాడు. ఒక పెళ్ళిలో మంగళహారతి ఎత్తుకున్న పెద్ద ముత్తయిదువని పట్టా చూపమన్నారు. ఆవిడ హారతి పళ్ళెం చూపించింది. చాలదన్నారు.

గొర్లిపేటకీ కబురొచ్చింది. పట్టా లేనిదే భామ లేదు.

రత్నం పరుగున రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది. "సార్, మా మావయ్య జీవితమంతా ఆ వేషమే కట్టాడు. ఆయనకి పట్టా ఎందుకండి?"

"అదేనమ్మా ఇబ్బంది" అన్నారు పరాంకుశంగారు సానుభూతిగా. "ఎప్పుడూ లోపలే ఉన్నారు. దాన్ని వెలుపల ఉండి దర్శించలేదు."

"పోనీ నేను పోలండ్ వెళ్ళొచ్చాను కదా. నాకైనా ఇవ్వండి."

"పోలండ్ విదేశమే, నేను కాదనను. కానీ మన విదేశంతో దానికి సమానత్వం ఉందో లేదో తేలాలి. వారు బెంగ పరీక్ష నిర్వహించారా?"

"లేదండి. కానీ అది అసలు విదేశం సార్."

"అసలుదే. దానికి మన గుర్తింపు లేదు."

"ఈ రూలు వచ్చిందే నేను పోలండ్ వెళ్ళడం వల్ల కదండీ!"

"ఆ విషయంలో మీ సేవలను ఉత్తర్వుల ముందుమాటలో ప్రశంసించడమైనది" అన్నారు పరాంకుశంగారు, చేతులు జోడించి మరీ.

రత్నం బయటికొచ్చి గోడ వార నిలబడి ఏడ్చింది. కోపం, ఉక్రోషం, తన నోటి మీద తనకే అసహ్యం. తనొక్క మాట అన్నందుకు మావయ్య మేళం మూతపడింది. ఇంటికెళ్ళి ఆయన మొహం ఎలా చూడాలో తెలియలేదు.

అప్పలస్వామి మాత్రం విషయం విని ఎగిరి గంతేశాడు, మోకాళ్ళు ఒప్పుకున్నంత మేర. "నువ్వొక్కర్తివే సూడాలేటి ఇదేశం? నానూ ఒస్తాను. బస్సు ఘాటీ ఎక్కుద్దంట గదా?"

మేనమామా మేనకోడలూ కలిసి విదేశానికి బయల్దేరారు. రత్నం ఎప్పుడెప్పుడు పట్టా చేతికొస్తుందా అని ఆత్రపడుతుంటే, అప్పలస్వామి అక్కడ పెళ్ళివారింటికి వచ్చినవాడిలా స్థిరపడిపోయాడు. ఐసు దిమ్మ పక్కన మంచం వేయించుకున్నాడు. మోకాళ్ళకి చల్లగా హాయిగా ఉందట. ఉప్పులేని బంగాళాదుంపలు అడిగి మరీ పెట్టించుకున్నాడు. "మీ దేశంలో ఏమాడతారు?" అని కామర్సు లెక్చరరు వస్తే, ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, జవాబు మొదలుపెట్టేవాడు. ఆ జవాబు మధ్యాహ్న భోజనాల వరకూ సాగేది. టైంటేబులు చెడిపోతోందని పరాయివారంతా ఫిర్యాదు చేశారు. వాళ్ళలో ఇద్దరు మాత్రం చాటుగా వచ్చి జతులు నేర్చుకుంటున్నారని వాచ్‌మన్ చెప్పాడు.

బెంగ పరీక్ష రోజున కాకి అరిచింది, ఇడ్లీ గంట మోగింది. అప్పలస్వామి కళ్ళు పొడిగా మెరుస్తున్నాయి.

"మీకు ఇంటి మీద ఏ మాత్రమూ బెంగ కలగడం లేదా?" అన్నాడు పరీక్షకుడు భూతద్దం తుడుచుకుంటూ.

"ఇంట్లో ఉన్నప్పుడు సాలా బెంగగా ఉండీది బాబూ. ఇక్కడ మా ఇంటిది నేదు గదా, నిమ్మళంగా ఉన్నాది."

ఆయన తప్పాడు. రత్నమూ తప్పింది. అసలు పోలండ్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రంతా దిండు తడిసేలా ఏడ్చిన పిల్లే, కానీ ఇక్కడ చేపల వాసనలో అమ్మ కేక వినగానే పకపకా నవ్వొచ్చింది. నవ్వి నవ్వి నీళ్ళు కూడా తిరిగాయి. నవ్వు వల్ల వచ్చిన కన్నీరు పరిగణనలోకి రాదన్నారు.

పైడమ్మ పండగ దగ్గరపడుతోంది. ఆ సమయంలో ఉపకులపతిగారికి ఒక కబురు వచ్చింది. పథకాన్ని దేశమంతటా విస్తరించే ఉద్దేశంతో ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తున్నారు, విద్యార్థుల్లో వికసించిన సంస్కృతిని కళ్ళారా చూడాలట. ఉపకులపతిగారు పట్టాదారులందరినీ పిలిపించి, ఏదైనా ఆడి చూపమన్నారు. వాళ్ళకి మన కళల్ని తలచుకుని ఏడవడం వచ్చు. ఆడడం ఎవరూ నేర్పలేదు. ఆడగలిగిన వాళ్ళందరూ పట్టాలు లేక ఇళ్ళల్లో కూర్చున్నారు. తన పథకం కోసం వచ్చిన ఉత్తర్వుల్ని తనే సడలించమంటే ఉపకులపతి పరువేం కావాలి?

పరాంకుశంగారు దిగులుగా విదేశంలో పచార్లు చేస్తుంటే రత్నం ఎదురొచ్చింది.

"సార్, ఉత్తర్వుల్లో స్వదేశీ వేదికలపై ఆడకూడదని ఉంది కదండీ?"

"స్పష్టంగా ఉంది."

"విదేశంలో ఆడకూడదని ఉందా?"

పరాంకుశంగారు ఆగిపోయారు. ఆయన మొహం మీద మెల్లగా వెలుగు వచ్చింది. "లేదు! విదేశంలో ప్రదర్శనకు పట్టా అవసరమే లేదు. దీన్ని గొర్లిపేట మేళం విదేశీ పర్యటన అంటాం. బాగుందమ్మా!"

"పైడమ్మ పండగ రోజునే ఆడతాం. ఊరంతా రావాలి."

"వీసాలు ఇచ్చుకుంటే సరి" అన్నారు ఆయన.

పండగ సాయంత్రం గొర్లిపేట గొర్లిపేటంతా ఘటాలతో, పిల్లాజెల్లాతో వెనక గేటుకి తరలివచ్చింది. వాచ్‌మన్ ఒక్కొక్కరినీ అనుమానంగా చూసే ఓపిక నశించి, గుంపులు గుంపులుగా అనుమానించి వదిలేశాడు. ముద్ర సిరా అయిపోతే ఘటాల మీది కుంకుమతో ముద్రలు వేశాడు. పశువుల్ని కట్టే కొట్టంలో అద్దం ముందు రత్నం కూర్చుని ఉంటే, అప్పలస్వామి వెనక నిలబడి జడ కట్టాడు. సూర్యుడి బిళ్ళ, చంద్రుడి బిళ్ళ, కింద కుచ్చులు.

"బరువుగా ఉన్నాదేటే?"

"ఉంది మావయ్యా."

"ఉండాల. తేలిగ్గా ఉంతే అందరూ కట్టీద్దురు" అని, ఆమె తల మీద చెయ్యి వేసి, వెళ్ళి జనంలో కింద కూర్చున్నాడు.

మద్దెల మోగింది. ఇద్దరు మనుషులు తెర పట్టారు. తెర వెనక గజ్జెలు ఘల్లుమన్నాయి. జడ రివ్వున తెర మీదుగా వచ్చి ఇవతల వేలాడింది.

ముందు వరుసలో ఢిల్లీ పరిశీలకుల మధ్య కూర్చున్న ఉపకులపతిగారు ఇక ఆగలేకపోయారు. తను తెచ్చిన సంస్కృతిని తనే వివరించాలి కదా. లేచి వెళ్ళి, "గమనించండి, ఇది స్వదేశీ కేశాలంకరణ రీతి" అంటూ జడని చేత్తో పట్టుకుని పైకెత్తి చూపించారు.

మద్దెల టక్కున ఆగిపోయింది.

"ఓలమ్మో, బాబుగారు జడట్టుకున్నారర్రా!" అని వెనక నుంచి ఒక ముసలమ్మ కేకేసింది. ఊరంతా గొల్లున లేచింది. ఉపకులపతిగారు అది ప్రశంస అనుకుని నమస్కారం పెట్టారు, జడ వదలకుండానే.

అప్పలస్వామి కుంటుకుంటూ వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తవరు పందేనికి దిగిపోయారు బాబూ. ఇంక ఎనక్కి ఎల్లడానికి నేదు." షరతంతా చెప్పాడు.

"నేను పరిశీలనార్థం స్పృశించితిని" అన్నారు ఉపకులపతిగారు కంగారుగా.

"అలగైనా అట్టుకున్నట్టే బాబూ."

వెనక్కి తగ్గితే ఢిల్లీ వాళ్ళ ముందు చిన్నతనం. ఉపకులపతిగారు గొంతు సవరించుకున్నారు. పరాంకుశంగారు నిలబడ్డ చోటే నిర్ణేతల సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షులు ఉపకులపతిగారే, మరొకరి పేరు ఆయనకి తోచలేదు. సంఘం గెలుపు ఎవరిదంటే వారిదే. గెలిచాక కోసిన జడని గాజు పెట్టెలో పెట్టి ఢిల్లీ ప్రదర్శనశాలలో ఉంచుతామని పరిశీలకులు ఉత్సాహపడ్డారు. ఎవరో కత్తెర కూడా తెచ్చారు.

తెర వెనక రత్నానికి ఆ మాటలన్నీ వినపడ్డాయి. మొదటి రోజే, అడుగు కూడా వేయకుండానే జడ పోతుంది. పాడి గెలవచ్చు, ఆడి గెలవచ్చు. తనకి తనే తీర్పరి అయిన మనిషిని ఎలా గెలవడం? మావయ్య కాళ్ళు అరగదీసుకుని మోసిన జడ గాజు పెట్టెలో పడుకుంటుంది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో ఎందుకో ఊలు టోపీ ముసలావిడ జ్ఞాపకం వచ్చింది.

తెర వెనక నుంచే, జడ ఆయన చేతిలో ఉండగానే, భామ గొంతుతో అడిగింది. "అయ్యా, మీ ఊళ్ళో ఏమాడతారు?"

"అస్మద్గ్రామమున వివిధ జానపద..." అని మొదలుపెట్టి, తర్వాత ఏమనాలో తోచక, "ఏమీ ఆడరు" అనేశారు ఉపకులపతిగారు.

రత్నం తెర కిందికి దింపమని సైగ చేసి, ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూసింది.

ఊరు కూడా చూసింది. గొర్లిపేట వాళ్ళకి తొందర లేదు. భాగవతం చూడ్డానికి వచ్చేటప్పుడే చాపలు తెచ్చుకునే జనం. ఐసు దిమ్మలు కరిగి బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ఉపకులపతిగారు కాలు మార్చి నిలబడ్డారు. పరాంకుశంగారి వైపు చూశారు. ఆయన కూడా జవాబు కోసమే చూస్తున్నారు.

"చెక్కభజన" అన్నారు ఉపకులపతిగారు చివరికి, చాలా నెమ్మదిగా. "రామకోవెల ముందు ఆడేవాళ్ళం. మా నాన్న ముందుండి నడిపేవాడు. నేను ఆయన వెనకాల."

"ఎలా ఆడేవారు?" అంది రత్నం.

ఆయన ఒక చేత్తో జడ పట్టుకునే ఉన్నారు. రెండో చేతి వేళ్ళు ఉన్నట్టుండి లేని చెక్కల్ని తాటించాయి. కుడికాలు లేచింది. మద్దెల కొట్టేవాడు ఆ కాలుని కనిపెట్టి చిన్నగా దరువు అందించాడు. ఉపకులపతిగారు జడ వదిలేసి, కోటు విప్పేసి, ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేసి గుండ్రంగా తిరిగారు. ఆ పెద్ద పొట్ట, ఆ కళ్ళద్దాలు, ఆ తిరగడం చూసి ఊరు నవ్వింది. నవ్వుతూనే చేతులతో తాళం అందుకుంది. ఆయనా నవ్వారు. రెండో చుట్టులో అడుగు తప్పి ఆగిపోయారు.

"తర్వాతది మర్చిపోయానమ్మా" అన్నారు రొప్పుతూ. ఆ విశ్వవిద్యాలయంలో ఆయన నోట మామూలు మాట వినడం అందరికీ అదే మొదటిసారి. "ఓడిపోయాను."

"సంఘం నిర్ణయం ప్రకటించలేదు సార్!" అన్నారు పరాంకుశంగారు.

"నువ్వు తెర ఆ చివర పట్టుకోవయ్యా" అని, ఈ చివర తను పట్టుకుని నిలబడ్డారు ఉపకులపతిగారు.

వాళ్ళిద్దరూ పట్టిన తెర వెనక నుంచి సత్యభామ వచ్చింది. రత్నం జడ విసిరి ఒక్క అడుగు వేసిందో లేదో, కింద కూర్చున్న అప్పలస్వామి కంటి నుంచి టప్పున ఒక బొట్టు రాలింది. ఆయన అది దాచుకోలేదు. ఇన్నాళ్ళూ తను లోపల ఉండి ఆడిన ఆటని కింద కూర్చుని చూడడం ఆయనకి ఇదే మొదలు. పక్కనే కూర్చున్న బెంగ పరీక్షకుడు అలవాటు కొద్దీ జేబులోంచి కాగితం తీసి ప్రథమ శ్రేణి వేశాడు.

ఆ తర్వాత పథకం అటకెక్కింది, పట్టాల గొడవ వదిలింది. పశువుల ఆసుపత్రిలో ఇప్పుడు సాయంత్రాలు చెక్కభజన నేర్పుతున్నారు. నేర్చుకునేవాళ్ళలో అందరికంటే ముందొచ్చేది ఎవరో చెప్పక్కర్లేదు. జడ రత్నం దగ్గరే ఉంది.

మళ్ళీ ఏడాది ప్రారంభోత్సవానికి ఆమెని వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. రత్నం మైకు ముందుకొచ్చి "నమస్కారం" అని వెళ్ళి కూర్చుంది. నోరు గట్టిగా మూసుకుంది. చల్లబడ్డ సభని లేపడానికి, ప్రథమ శ్రేణిలో విదేశం ముగించిన అప్పలస్వామిని మాట్లాడమన్నారు.

"మరేటి నేదు బాబూ" అన్నాడాయన మైకు రెండు చేతులా పట్టుకుని. "ఆ ఇదేశంలో ఉప్పునేని దుంప పెట్టీవోరు సూడండి, అది తిన్నాకే మా ఇంట్లో పులుసు రుసేటో తెలిసింది నాకు."

సభ విరగబడి నవ్వింది. రత్నం ఒక్క ఉదుటున లేచి మైకు తీగ పీకేసింది. కానీ వేదిక చివర పరాంకుశంగారు అప్పటికే కలం టోపీ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.